అడిగితే వద్దంటారు, అడగకపోతే దొంగంటారు

రెండేళ్ల కిందట సద్దుల బతుకమ్మ నాడు మా అక్క ఎడమచెవి కమ్మ ఊరి చెరువులో పోయింది. గౌరమ్మ పసుపు పుస్తెలకు రాసుకునేటప్పుడో, వెనక నుంచి పిల్లలు తోసుకున్నప్పుడో శీల ఊడింది. మూడు గ్రాములు కూడా ఉండదు. కానీ అది మా నాయనమ్మ కమ్మల్ని కరిగించి అక్క పెళ్లికి చేయించిన జత. ఇంకొకటి డబ్బాలో ఒంటరిగా ఉంది. కరిగించి ఉంగరం చేయించుకొమ్మంటే ఒప్పుకోదు. 'చెరువు ఎండకపోతదా' అంటుంది.

పోయినేడు ఎండలేదు. ఈ ఎండాకాలం ఎండింది. మే నెల మొదటి వారంలో బావ వీడియో కాల్ చేసి చూపించాడు. బతుకమ్మ మెట్ల కింద నేల పలుగు పెట్టినట్టు నెర్రెలు బారి ఉంది. ఆ రాత్రే నేను ఆన్‌లైన్‌లో 11 వేలు పెట్టి మెటల్ డిటెక్టర్ ఆర్డర్ చేశాను. కొనేటప్పుడు ఎందుకని ఎవరూ అడగలేదు. అడ్రస్ అడిగారు, ఓటీపీ అడిగారు, అంతే.

ఇక్కడే మొదటి గొడవ. ఊరి చెరువు సర్కారుది. అందులో మిషన్ పట్టుకుని వెతకాలంటే ఎవరినైనా అడగాలా, వద్దా?

బావ మాట చాలా స్పష్టం. "అడిగితే వద్దంటరు బామ్మర్దీ. అడగకపోతే ఎవడు పట్టించుకుంటడు? మనం దొంగతనం జేస్తున్నమా? మన వస్తువు మనం ఎతుక్కుంటున్నం."

నిజం చెప్పాలంటే నాకూ అదే సబబు అనిపించింది. మా ప్రోగ్రామింగ్‌లో కూడా రెండు సంప్రదాయాలున్నాయి. ఒకటి, ఏ పనికైనా ముందు అన్నీ సరిచూసుకుని అడుగు వేయడం. రెండోది, పని మొదలుపెట్టేసి తేడా వస్తే అప్పుడు సర్దుకోవడం. పైథాన్ రాసేవాళ్లకి రెండోదే ఇష్టం. అనుమతి అడిగే కంటే తర్వాత క్షమాపణ చెప్పుకోవడమే తేలిక అన్న మాట గ్రేస్ హాపర్ నోట ప్రసిద్ధమైంది. అమెరికా నౌకాదళంలో పెద్ద హోదాలో ఉంటూ కంప్యూటర్ భాషలకు పునాది వేసిన ఆవిడ. ఆఫీసులో ఈ సూత్రంతో నేను చాలా పనులు గట్టెక్కించాను. కాకపోతే కోడ్‌లో ఎర్రర్ వస్తే దాన్ని పట్టుకోవడానికి ముందే నాలుగు లైన్లు రాసి పెట్టుకుంటాం. ఊళ్లో ఎర్రర్‌ని పట్టుకునేది బర్లు కాసే మనిషి, చేతిలో సెల్‌ఫోన్‌తో.

ఆదివారం తెల్లవారుజామున అయిదున్నరకి నేనూ బావా వెళ్లాం. నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కాయిల్ ఊపుతున్నాను. బావ చిన్న తాపీతో మట్టి తీస్తున్నాడు. ఆరుంబావుకి ఒకతను బర్లు తోలుకుంటూ వచ్చి కట్ట మీద ఆగాడు. ఏమీ అడగలేదు. ఫోన్ తీసి వీడియో తీసుకుని వెళ్లిపోయాడు. ఏడింటికల్లా ఊరి వాట్సాప్ గ్రూప్‌లో వచ్చేసింది: 'కట్ట మైసమ్మ గుడి దగ్గర మిషన్లతో గుప్తనిధుల తవ్వకాలు'. మేమున్నది గుడికి దూరంగా, మెట్ల దగ్గర. కానీ వీడియోలో మా వెనకే గుడి కనిపిస్తోంది.

ఏడున్నరకి పది మంది వచ్చారు. కోపంగా కూడా లేరు, అదే ఇబ్బంది. "ఏం దొరికింది పటేలా?" అని బావని నవ్వుతూ అడుగుతున్నారు. కమ్మ సంగతి చెబితే తలూపారు, ఒక్కరూ నమ్మలేదు. ఒక పెద్దాయన మాత్రం నన్ను పక్కకి పిలిచి, "బిడ్డా, అమ్మవారి జాగల అర్ధరాత్రోళ్ల లెక్క ఎందుకొస్తివి? పొద్దెక్కినంక రావొద్దా?" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఎవరూ చూడకూడదనే కదా అయిదున్నరకి వెళ్లింది! తప్పు చేయడం లేదని అంత నమ్మకం ఉన్నవాడు ఆ టైమ్ ఎందుకు ఎంచుకుంటాడు?

బావకి ఆ ఊళ్లో ఎరువుల దుకాణం ఉంది. ఆ వారమంతా గిరాకీలు యూరియా బస్తాతో పాటు ఒక జోకు కూడా పట్టుకెళ్లారు. అక్క నాతో రెండ్రోజులు మాట్లాడలేదు.

హైదరాబాద్ వచ్చాక చట్టం చదివాను. చేయాల్సిన పని చేసేశాక మాన్యువల్ చదవడం మా జాతి లక్షణం. 1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ యాక్ట్ అని ఒకటుంది. నేలలో దాచి ఉంచిన విలువైన వస్తువేదైనా నిధి కిందికే వస్తుంది. దాని విలువ పది రూపాయలు దాటితే దొరికినవాడు వీలైనంత త్వరగా కలెక్టర్‌కి రాతపూర్వకంగా చెప్పాలి. ఏం దొరికింది, ఎక్కడ, ఎప్పుడు అన్నీ. పది రూపాయలన్నది అప్పటి లెక్క, ఇప్పుడు టీ కూడా రాదు. చెప్పకుండా దాచుకుంటే వాటా పోతుంది, ఏడాది వరకు జైలు, జరిమానా, లేదా రెండూ. చెప్పినవాడికి మాత్రం అన్యాయం చేయలేదు ఆ చట్టం. అసలు సొంతదారు తేలకపోతే, వేరే ఒప్పందమేమీ లేకపోతే, మూడొంతులు దొరికినవాడికి, పావువంతు స్థలం యజమానికి. ప్రభుత్వమే తీసుకోదలచుకుంటే లోహం విలువకి అయిదోవంతు కలిపి చెల్లించాలి.

మా కమ్మ నిధి కాదు. దాన్ని ఎవరూ దాచలేదు, పోగొట్టుకున్నారు. యజమాని ఎవరో తెలుసు, జతలో రెండోది ఇంట్లో ఉంది. కానీ కాయిల్‌కి ఆ తేడా తెలియదు కదా. వెతికేది కమ్మ కోసమే అయినా దొరికేది ఏదైనా కావచ్చు. ఇంకెవరిదో పోయిన వస్తువు దొరికితే దానికి వేరే సెక్షన్. పాత ఐపీసీలో 403, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 314. ఎవరిదో తెలిసి, లేదా కాస్త విచారిస్తే తెలిసే అవకాశం ఉండి కూడా జేబులో వేసుకుంటే నేరమే. చిన్నప్పుడు 'దొరికినోళ్లదే' అని ఆడుకున్న ఆటకి చట్టంలో చోటు లేదు.

పురాతన స్థలాలైతే ఇంకా కఠినం, కఠినంగానే ఉండాలి. పాతనాణెం విలువ దాని లోహంలో లేదు, అది పడి ఉన్న చోటులో ఉంది. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో దొరికిన నాణేలనే చూడండి. శాతవాహనుల తొలి రాజుగా చెప్పే సిముకుడి పేరున్న నాణేలు అక్కడ బయటపడ్డాయి. అవి పి.వి. పరబ్రహ్మశాస్త్రి లాంటి పండితుల చేతిలో పడి, ఎక్కడ దొరికాయో కూడా నమోదైంది కాబట్టి శాతవాహనుల తొలినాళ్ల చర్చలో తెలంగాణ పేరు గట్టిగా వినిపించింది. అవే నాణేలు ఎవడో డిటెక్టర్ వీరుడికి రాత్రిపూట దొరికి, ముంబైలో ఒక షాపు చేరి ఉంటే వాటి మీద రాసి ఉన్న పేరు ఉండేది కానీ ఊరు ఉండేది కాదు.

విదేశాల్లో ఇది పెద్ద హాబీ. బ్రిటన్‌లో 2009లో టెర్రీ హెర్బర్ట్ అనే ఆయన స్టాఫర్డ్‌షైర్‌లో ఒక రైతుని అడిగి, ఆ పొలంలో వెతికి ఆంగ్లో-శాక్సన్ బంగారు నిధి కనిపెట్టాడు. అధికారులకి చెప్పాడు. దానికి 32 లక్షల 85 వేల పౌండ్ల విలువ కట్టి ఆయనకీ రైతుకీ చెరిసగం ఇచ్చారు. 2015లో హెర్‌ఫర్డ్‌షైర్‌లో ఇద్దరికి దాదాపు మూడొందల నాణేలున్నట్టు భావిస్తున్న నిధి దొరికితే చెప్పకుండా అమ్ముకోవడం మొదలుపెట్టారు. 2019లో కోర్టు ఒకడికి పదేళ్లు, ఇంకొకడికి ఎనిమిదిన్నరేళ్లు వేసింది. నాణేల్లో ఎక్కువ భాగం ఇప్పటికీ ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు.

నాతో బీటెక్ చదివి ఇప్పుడు డాలస్‌లో ఉన్నవాడొకడు వారాంతాల్లో ఇదే పని చేస్తాడు. నేషనల్ పార్కుల్లో డిటెక్టర్ వాడటమే కాదు, వాడకానికి సిద్ధంగా చేతిలో పట్టుకు తిరగడమూ నేరమట. సిటీ పార్కులకి ఊరికో రూలు. అక్కడి పాత కాపులు వాడికిచ్చిన సలహా మా బావ సలహానే: 'అడగకు, అడిగితే నో అంటారు.' వాడేం చేస్తాడంటే, వెళ్లే ముందు ఆ ఊరి మున్సిపల్ రూల్స్ చదివి, ఫోన్ చేసి, ఈమెయిల్ తెప్పించుకుంటాడు. "పార్కులో దొరికే పావలాల కోసం వీసా మీదకి తెచ్చుకోనా?" అన్నాడు. తప్పు జరిగాక క్షమాపణ చెప్పుకోవడం అందరికీ ఒకే ధరకి దొరకదు. అక్కడ పుట్టినవాడికి అది 'సారీ ఆఫీసర్', మావాడికి ఇమ్మిగ్రేషన్ లాయరు ఫీజు. ఊళ్లో నాకు అది ఒక ఆదివారం సిగ్గు, బావకి ఆ ఊరున్నంత కాలం.

అయితే 'అడిగితే వద్దంటారు' అన్నదాంట్లో నిజం లేదా అంటే, బోలెడుంది. రెండోసారి అడిగే వెళ్లాలని నిర్ణయించుకుని నేను తిరిగిన తిరుగుడు చెబుతాను.

పంచాయతీ కార్యదర్శి మేడమ్ నా వయసే ఉంటుంది. మర్యాదగా కూర్చోబెట్టి, "చెరువు ఇరిగేషన్ వాళ్లది సార్. శిఖం భూమి లెక్క రెవెన్యూ దగ్గర ఉంటది. నేనెట్ల ఇస్త పర్మిషన్?" అంది. ఇరిగేషన్ ఏఈ ఫోన్‌లో, "తూము, అలుగు, కట్ట ముట్టుకోవద్దు. మిగతాది నాకు సంబంధం లేదు" అన్నారు. తహసీల్ ఆఫీసులో అసలు ఏ సీటుకి వెళ్లాలో తెలియలేదు. ఊళ్లో రెవెన్యూ సంగతి అడగడానికి ఒకప్పుడు వీఆర్వో ఉండేవాడు, 2020లో ఆ పోస్టులే తీసేశారు. అక్కడ ఒకాయన డిటెక్టర్ మాట వినగానే నవ్వి, "దొరికితే మాక్కూడా ఓ తులం" అని పక్క ఫైలు తీశాడు. స్టేషన్‌లో కానిస్టేబుల్ అన్న మాత్రం సూటిగా చెప్పాడు. "మాకు ఫోన్లు రాకుండ చూడు తమ్మీ. ఏ రోజు, ఎందరు, ఏ జాగల... కాగితం మీద రాసియ్యి."

రెండున్నర రోజులు, నాలుగు ఆఫీసులు. కాదన్నవారు ఒక్కరూ లేరు, అవునన్నవారూ ఒక్కరూ లేరు.

ఆలోచిస్తే వాళ్ల తప్పు కనిపించలేదు. 'వద్దు' అంటే అధికారికి పోయేదేం లేదు. 'సరే' అంటే, రేపు మేం నిజంగానే గుడి పునాది తవ్వితే, సంతకం పెట్టిన వేలు ఆయనది. పైగా నేనడిగిన ప్రశ్నే తప్పు. 'చెరువులో మెటల్ డిటెక్టర్ వాడొచ్చా?' అని అడిగాను. దానికి అవునని చెప్పే ధైర్యం నాకైనా ఉండేది కాదు. అందుకని ప్రశ్న మార్చాను. ఒక తెల్లకాగితం మీద రాశాను: ఫలానా సద్దుల నాడు మా అక్క కమ్మ పోయింది, జతలో రెండోదాని ఫొటో జత చేస్తున్నాను. ఫలానా ఆదివారం పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా బతుకమ్మ మెట్ల ముందు ఇరవై అడుగుల జాగాలో మాత్రమే వెతుకుతాం. జానెడు కంటే లోతు తవ్వం, తీసిన ప్రతి గుంత పూడుస్తాం. గుడి వైపు, కట్ట వైపు పోము. కమ్మ కాక ఇంకేది దొరికినా పంచాయతీలో అప్పగిస్తాం.

కార్యదర్శి మేడమ్ రెండుసార్లు చదివింది. అనుమతి ఇవ్వలేదు. కాపీ మీద 'అందింది' అని ముద్ర వేసి, తేదీ రాసి చేతిలో పెట్టింది. స్టేషన్‌లోనూ అదే. మన దేశంలో చాలా పనులకు దొరికే అనుమతి ఆ ముద్రేనని నాకు ఇరవై తొమ్మిదో ఏట తెలిసింది.

చివరికి నిజంగా 'సరే' అన్నది ఒక్కరే, మత్స్య సహకార సంఘం అధ్యక్షుడు. చేపల హక్కు వాళ్లది. అసలు ఆయన్ని అడగాలని మాకు తట్టనే లేదు, కానిస్టేబుల్ అన్న చెబితే వెళ్లాం. "నీళ్లున్న మడుగు దిక్కు రావొద్దు, చేపలున్నయి. ఎండిన కాడ ఎతుక్కో. మా వలగుండ్లు దొరికితే ఇయ్యి" అన్నాడు. సర్కారు జాగా అంటే ఎవరిదీ కాదనుకుంటాం. తీరా చూస్తే దాని మీద బతికేవాళ్లు, మొక్కేవాళ్లు, లెక్క రాసేవాళ్లు ఇంతమంది.

ఆదివారం ఎనిమిదింటికి వెళ్లేసరికి మెట్ల మీద జనం. బావ ముందురోజు దుకాణంలో అందరికీ చెప్పేశాడట. పిల్లలు, ముసలివాళ్లు, బతుకమ్మ ఆడే ఆడవాళ్లు కలిపి ఇరవై మంది పైనే. క్రికెట్ మ్యాచ్ చూసినట్టు కూర్చున్నారు. నాకు చెమటలు పట్టాయి. స్పీకర్ పెట్టమన్నారు. హెడ్‌ఫోన్ తీసేశాను.

డిటెక్టర్ గురించి సినిమాల్లో చూసినవాళ్లకి ఒక మాట. కాయిల్ నేలలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. కింద లోహముంటే అందులో చిన్న విద్యుత్ సుడులు పుడతాయి, వాటి జాడని పట్టి మిషన్ కూత పెడుతుంది, తెర మీద ఒక నంబరు చూపిస్తుంది. ఇనుముకి తక్కువ, వెండికి ఎక్కువ. చిన్న బంగారు ముక్క నంబరు మాత్రం సరిగ్గా మాత్రల స్ట్రిప్పు రేకు నంబరే. అంటే బంగారం కావాలంటే రేకులన్నీ తవ్వాల్సిందే, వేరే దారి లేదు. మా చెరువు నాకు ఇచ్చినవి: బీరు మూతలు లెక్కలేనన్ని, పిన్నీసులు, తలపిన్నులు, వినాయకుడి బొమ్మల్లోని బైండింగ్ వైరు చుట్టలు, సీసపు వలగుండ్లు ఓ దోసెడు, రూపాయి బిళ్లలు పద్నాలుగు, 2011లో చెల్లకుండా పోయిన పావలా ఒకటి. ప్రతి కూతకీ జనం 'ఓ' అనడం, బీరు మూత రాగానే "అది మనోనిదే" అని ఎవరినో చూపించి నవ్వడం.

పదిన్నరకి ఒక కూత వచ్చింది. మళ్లీ రేకే అనుకున్నాను. బావ తాపీతో మట్టి గడ్డ పగలగొడితే గుండ్రంగా, బొటనవేలి గోరంత, పసుపుపచ్చగా కనిపించింది. కమ్మ కాదు. పుస్తె. ఒక్కటే పుస్తె.

నవ్వులు ఆగిపోయాయి.

ఆ క్షణంలో నాకొచ్చిన ఆలోచన కూడా చెప్పాలి. మొదటి ఆదివారం, తెల్లవారుజామున, బావా నేనూ ఇద్దరమే ఉన్నప్పుడు ఇది దొరికి ఉంటే? ఊరంతా నిధుల దొంగలంటున్న వేళ దాన్ని బయటపెట్టే దమ్ము మాకుండేదా? పెట్టినా, 'ఒకటి చూపించి ఇంకెన్ని దాచిన్రో' అనేవాళ్లు. జేబులోనే ఉండిపోయేదేమో. నా మీద నాకంత నమ్మకం లేదు.

పుస్తెని కాగితంలో చుట్టి, నలుగురి ముందు ఫొటో తీసి, పంచాయతీలో ఇచ్చాం. మేడమ్ ఆదివారం అయినా వచ్చి తాళం తీసింది. ఊళ్లో పనిచేసే అవుసలాయన చూసి, "ఇది నేను పోసిందే" అన్నాడు. ఎవరికో కూడా చెప్పాడు.

ఆరేళ్ల కిందట బతుకమ్మ నాడు ఒకావిడ పుస్తె పోయింది. చెరువులో పోయిందంటే ఇంట్లో నమ్మలేదు. తమ్ముడి అప్పు తీర్చడానికి అమ్మి ఇచ్చిందని అత్తింట్లో అన్నారు, ఊళ్లో కొందరూ అన్నారు. ఆ మాట మీద రెండిళ్ల మధ్య రాకపోకలు ఆగిపోయాయి. ఇప్పుడు ఆవిడా భర్తా భివండీలో మగ్గాల దగ్గర ఉంటున్నారు. కబురు వెళ్లిన వారానికి ఆవిడ ఒక్కతే బస్సెక్కి వచ్చింది. నేనూ ఆ రోజు ఊళ్లోనే ఉన్నాను. పంచాయతీ ఆఫీసులో కొంగు ముడి విప్పి రెండో పుస్తె తీసి బల్ల మీద పెట్టింది. అవుసలాయన తక్కెడ తెచ్చాడు. తూకంలో కాస్త తేడా వచ్చింది, ఆరేళ్ల మట్టి అన్నాడు. అచ్చు మాత్రం ఒకటే.

ఆవిడ ఏడవలేదు. సంతకం పెట్టి, రెండూ కొంగులో కట్టుకుని, నా వైపు తిరిగింది.

"తమ్మీ, మట్టిల నుంచి దీసేటప్పుడు ఎందరున్నరు ఆడ?"

"ఇరవై మంది పైనే ఉన్నరక్కా."

"మా అత్త ఉండెనా?"

నాకు తెలియక బావ వైపు చూశాను. "ఉండె" అన్నాడు బావ. "రెండో మెట్టు మీద కూసుంది."

సరే అని చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

మా అక్క కమ్మ దొరకలేదు. జూన్ చివర్లో చెరువుకి నీళ్లొచ్చాయి. దరఖాస్తు కాపీ బావ బీరువాలో ఉంది. వచ్చే ఎండాకాలానికి తేదీ ఒక్కటి మారిస్తే సరిపోతుంది.